పక్కింటి ట్యాంకు మీద విండో

"తాతయ్యా, ఈ కంప్యూటర్‌కి కొలతలు రావు!" అంటూ మా మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన చతికిలబడింది. ఏడో తరగతి. బళ్లో పైథాన్ నేర్పుతున్నారు. టికింటర్‌తో 400 వెడల్పు, 300 ఎత్తు ఉండే విండో కావాలని రాసింది. ఆ కింద లైన్లోనే దాని వెడల్పెంతో చెప్పమంది. వచ్చిన జవాబు 1.

నాకు నవ్వొచ్చింది. ఇలాంటి ప్రోగ్రాములు రాసి రాసి రిటైరైనవాణ్ణి, ఆ ఒకటి నాకు పాత చుట్టమే. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే నీ వ్యవహారం," అన్నాను. విండో ఇంకా తెర మీదకి రానేలేదు. 400 అనగానే టికింటర్ ఆ మాట చీటీ మీద రాసుకుంటుంది, అంతే. పనిలోకి దిగేది తీరిక చిక్కాక. ఆ తీరిక ఇవ్వకుండానే ఇది వెడల్పెంత అని అడిగింది. పుట్టనిదానికి అక్కడ రాసి ఉండే కొలత ఒకటి. రెండు లైన్ల మధ్య అప్‌డేట్ అని ఒక పిలుపు పెట్టించాను, చీటీలో పనులు ముందు కానిమ్మని. ఈసారి బుద్ధిగా 400 అంది.

"మరి ఇదో? స్క్రీన్ 1920 బై 1080 అని డబ్బా మీదే ఉంది. నా ప్రోగ్రాము 1280 బై 720 అంటోంది."

దీనికి మాటలు చాలవని భోజనాల బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. బల్ల పొడవు జానలతో కొలిచాం. నాకు ఆరొచ్చింది. చిట్టి చేతులు కదా, తనకి తొమ్మిది. బల్ల ఒకటే.

విండోస్‌లో పాతకాలం లెక్క అంగుళానికి 96 చుక్కలు. రానురాను తెరల మీద చుక్కలు చిన్నవై, దగ్గర దగ్గరగా చేరాయి. పాత లెక్కన గీస్తే అక్షరాలు చీమల్లా కనబడతాయి. అందుకని సెట్టింగ్స్‌లో స్కేల్ 150 శాతం అని పెడతారు. ఈ సంగతి నాకు తెలుసు అని ముందే చెప్పుకోని ప్రోగ్రాముని విండోస్ ఆ 96 చుక్కల లోకంలోనే ఉంచేస్తుంది. తెర 1280 అని దానికి చెబుతుంది, అది గీసిన బొమ్మని ఒకటిన్నర రెట్లు సాగదీసి మనకి చూపిస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు మసకమసకగా ఉండేది ఈ సాగదీతవల్లే. విస్టా రోజుల నుంచీ ఉన్న ఏర్పాటిది. "1920 నీ జానలు, 1280 నా జానలు. ఒకరి చేత్తో కొలిచి ఇంకొకరి చేత్తో కోశావా, బల్లగుడ్డ పొట్టిదైపోతుంది," అన్నాను.

ఇక నా పరువు తీసిన కథ. ఒక మందుల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాము రాసిచ్చాను. మూసేటప్పుడు విండో ఎక్కడుందో రాసుకుని, మర్నాడు అక్కడే తెరుచుకుంటుంది. గొప్ప సదుపాయం అనుకున్నాను. ఓ పొద్దున్నే ఫోను. "సార్, ప్రోగ్రాం నడుస్తోంది. టాస్క్‌బార్‌లో పేరుంది. విండో మాత్రం లేదు!"

పరుగున వెళ్లి ఫైలు విప్పి చూస్తే -32000, -32000. విండోని మినిమైజ్ చేస్తే విండోస్ దాన్ని ఎవరికంటా పడని ఆ మూలకి విసిరేస్తుంది. 16 బిట్ల అంకెలు -32768 దాకానే వెళతాయి, ఇంచుమించు ఆ చివరన్నమాట. రాత్రి షాపు కుర్రాడు మినిమైజ్ చేసి, టాస్క్‌బార్ మీద నుంచే మూసేశాడు. నా ప్రోగ్రాము ఆ చిరునామానే భద్రంగా రాసిపెట్టుకుంది.

అడగాల్సింది గెట్‌విండోప్లేస్‌మెంట్‌ని. మినిమైజ్ కాకముందు ఎక్కడుండేదో అది చెబుతుంది. మార్చి ఇచ్చాను. వారం తిరక్కుండానే మళ్లీ ఫోను: "సార్, రోజూ కాస్త పైకి పాకుతోంది!" ఆ షాపులో టాస్క్‌బార్ పైన పెట్టుకున్నారు. గెట్‌విండోప్లేస్‌మెంట్ టాస్క్‌బార్‌ని వదిలేసి కొలుస్తుంది. నేను తిరిగి పెట్టేది తెర అంచు నుంచి కొలిచి. స్థలాన్ని ప్రహరీ నుంచి కొలిచి, రోడ్డు నుంచి ముగ్గు పోసినట్టు. తెరిచిన ప్రతిసారీ టాస్క్‌బార్ మందమంత పైకి! దాని జంట సెట్‌విండోప్లేస్‌మెంట్‌తోనే తిరిగి పెడితే గొడవ తీరింది. లినక్స్‌లో వేలాండ్ అయితే విండో ఎక్కడుందో ప్రోగ్రాముకి చెప్పనే చెప్పదు. నన్నడిగితే అదే నయం.

"మరి ఆ మొదటి రోజు విండోని ఎలా పట్టుకొచ్చావు?"

ఆల్ట్ పట్టుకుని స్పేస్, తర్వాత ఎమ్, ఒక్కసారి బాణం మీట, ఆపైన మౌస్ కదిపితే విండో దాని తోకకి అతుక్కుని వచ్చేస్తుంది. అదంతా వినిపించుకోలేదు. కాగితం మీద ఏదో భాగహారం చేస్తోంది. 32000ని 96తో భాగిస్తే 333 అంగుళాలు, అంటే దగ్గర దగ్గర 28 అడుగులు. బల్ల దగ్గర నుంచి ఎడమవైపుకి అడుగులు లెక్కపెట్టుకుంటూ హాలు, వరండా దాటి ప్రహరీ గోడ దగ్గర ఆగింది. తల పైకెత్తి పక్కింటి నీళ్ల ట్యాంకు వంక చూస్తూ అరిచింది.

"అక్కడా, తాతయ్యా?"