తాగుడు, తాగనీకి: ఇంగ్లిషులో జెరండ్, ఇన్ఫినిటివ్‌ల ఎంపికకు ఉత్తర తెలంగాణ పలుకుబడి ఇచ్చే ఆధారం

వ్యాససంగ్రహం: ఇంగ్లిషు క్రియ తర్వాత 'టు'తో కూడిన ఇన్ఫినిటివ్‌ను వాడాలా, 'ఇంగ్' చేరిన జెరండ్‌ను వాడాలా అన్నది తెలుగు విద్యార్థిని చిరకాలంగా తికమక పెడుతున్న సమస్య. బోధనలో దీనికి సాధారణంగా దొరికే పరిష్కారం కంఠస్థం చేయవలసిన క్రియల పట్టిక. ఉత్తర తెలంగాణ పలుకుబడిలో భావార్థకమైన 'ఉడు' రూపం, ప్రయోజనార్థకమైన 'నీకి' రూపం వేర్వేరు ప్రాతిపదికల మీద నిలిచి ఉన్నాయని, ఆధునిక ప్రమాణభాషలో చెరిగిపోయిన ఈ భేదం ఇంగ్లిషు ఎంపికలో ఒక ముఖ్యభాగాన్ని వివరించగలదని, ఎక్కడ వివరించలేదో కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తుమున్నర్థకం, భావార్థకం, క్త్వార్థకం, జెరండ్, ఇన్ఫినిటివ్, ఉత్తర తెలంగాణ మాండలికం, ద్విభాషా బోధన.

1. ప్రవేశిక

జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట దగ్గరి కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రంగా ప్రసిద్ధం. చైత్ర పౌర్ణమినాటి చిన్న జయంతికీ, వైశాఖ బహుళ దశమినాటి పెద్ద జయంతికీ మాలధారులు చుట్టుపక్కల జిల్లాల నుంచి కాలినడకన ఇక్కడికి చేరుకుంటారు. ఈ గుట్టకు చేరువలోనే, నాచుపల్లిలో, హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజనీరింగ్ కళాశాల 2007లో ఏర్పడింది. గుట్ట మీద 'దేవునికి మొక్కవోయిండ్రు', 'మాల ఏసుకునుడు అయిపోయింది' వంటి వాక్యాలు సహజంగా వినిపించే ప్రాంతంలోనే, గుట్ట కింద చదువంతా ఇంగ్లిషులో సాగుతున్నది. ఈ రెండింటికీ నడుమ ప్రమాణ తెలుగు ఉంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఇంగ్లిషు మాధ్యమంతో పాటు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. వాటిలో ఒక పుట ఇంగ్లిషు, ఎదుటి పుట ప్రమాణ తెలుగు. విద్యార్థి ఇంటి తెలుగుకు ఆ రెండు పుటల్లోనూ చోటు తక్కువ. అందువల్ల కలిగే నష్టం భాషాభిమానానికి పరిమితమైనది కాదు, అది వ్యాకరణ బోధనకు కూడా నష్టమే.

2. బీడీ వాక్యాలు రెండు

ఇంగ్లిషు వ్యాకరణ పుస్తకాల్లో 'స్టాప్డ్ స్మోకింగ్', 'స్టాప్డ్ టు స్మోక్' అన్న జంట అరిగిపోయిన ఉదాహరణ. బీడీల తయారీ ఎన్నో ఇళ్లకు జీవనాధారమైన జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో దీన్ని తెలుగులోకి తేవడానికి ఏ ప్రయాసా అక్కరలేదు.

'బీడి తాగుడు బంద్ వెట్టిండు.'
'బీడి తాగనీకి ఆగిండు.'

మొదటివాడు అలవాటు మానుకున్నాడు. రెండోవాడు దారిలో ఆగి ముట్టించాడు. ఈ భేదం విషయంలో ఆ ప్రాంతపు పిల్లవాడు ఎన్నడూ పొరబడడు. ఇవే వాక్యాలు ప్రమాణభాషలో 'తాగడం మానేశాడు', 'తాగడానికి ఆగాడు' అవుతాయి. అర్థం ఇక్కడా స్పష్టమే, కాని రూపాల నిర్మాణం వేరు. 'తాగడానికి' అన్నది 'తాగడం' అనే భావార్థకానికి చతుర్థీ విభక్తి చేరగా ఏర్పడింది. రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఒకే నామం, మారినది విభక్తి మాత్రమే. మాండలిక వాక్యాల్లో అలా కాదు. 'తాగుడు' నామం. 'తాగనీకి'లో కనిపించేది 'తాగన్' అనే తుమున్నర్థక ప్రాతిపదిక. దాని మీద 'కి' చేరిందని వివరించవచ్చు. కరీంనగర్ వైపు దీనికి తోడుగా 'తాగెటందుకు' అన్న రూపమూ ఉంది. దాని ప్రాతిపదిక ధాతుజ విశేషణం, అదీ భావార్థకం కాదు. అంటే పనిని పేరుగా చెప్పేటప్పుడు ఒక రూపం, పనిని గమ్యంగా చెప్పేటప్పుడు పూర్తిగా వేరొక రూపం. ఇంగ్లిషు చేసే విభజన కూడా స్థూలంగా ఇదే.

'ఉడు' ప్రత్యయం గురించి ఒక మాట. ప్రమాణభాషలో ఇది లేకపోలేదు. తాగుడు, వాగుడు, దూకుడు వంటి కొన్ని నామాల్లో గడ్డకట్టి మిగిలింది. అక్కడ అది కొత్త మాటలను పుట్టించదు, పైగా కొంత నిందార్థాన్ని కూడా మోస్తుంది. తెలంగాణలో మాత్రం వచ్చుడు, పోవుడు, చదువుడు, రాసుడు అంటూ దాదాపు ప్రతి ధాతువు మీదా నిలుస్తుంది, నింద ఏమీ లేదు. నాగరికం కాదన్న చిన్నచూపు ఈ రూపం మీద బయటివారు మోపినదే తప్ప దాని స్వభావంలో ఉన్నది కాదు. ప్రాచీన కావ్యభాషలో 'అనగానే' అన్న అర్థంలో కనిపించే 'అనుడు' వంటి ఆనంతర్యార్థక రూపాలతో దీన్ని కలపరాదు. రూపసామ్యం ఉన్నా రెండింటి వ్యాపారం వేరు.

3. తుమున్నర్థకానికి ఏమైంది?

'తుమున్నర్థకం' అన్న పేరు సంస్కృత ప్రత్యయం నుంచి వచ్చింది. ఈ ప్రత్యయాన్ని పాణిని ఒకే చోట చెప్పి ఊరుకోలేదు. ఒక పని మరొక పని కోసం జరిగేటప్పుడు తుమున్ వస్తుందని అష్టాధ్యాయి 3.3.10 విధిస్తుంది. ఇచ్ఛార్థక ధాతువుల సరసన, కర్త ఒకరే అయినప్పుడు వస్తుందని 3.3.158 విధిస్తుంది. ఇంగ్లిషు ఇన్ఫినిటివ్ బోధనలో సాధారణంగా కలగాపులగమయ్యేవి సరిగ్గా ఈ రెండే. 'స్టాప్డ్ టు స్మోక్'లోని ఇన్ఫినిటివ్ మొదటి తరగతిది: ఆగడానికి అది కర్మ కాదు, ప్రయోజనం. 'వాంట్ టు స్మోక్'లోనిది రెండో తరగతిది: కోరికకు అదే కర్మ. కాబట్టి 'స్టాప్'ను 'రెండు రూపాలూ తీసుకొనే క్రియల' పట్టికలో చేర్చడం శాస్త్రీయం కాదు. 'స్టాప్' కర్మగా తీసుకొనేది జెరండ్‌ను మాత్రమే. ప్రయోజనార్థక ఇన్ఫినిటివ్ 'వచ్చాడు', 'కూర్చున్నాడు', 'లేచాడు' వంటి ఎన్నో క్రియల పక్కన చేరగలదు, అలాగే 'ఆగాడు' పక్కన కూడా చేరింది.

తెలుగులో ఈ రెండు పనులూ రెండు దారులు పట్టాయి. ఇచ్ఛార్థంలో 'తాగాలని ఉంది', 'తాగాలనుకున్నడు' అని విధ్యర్థక రూపానికి 'అని' చేరుతుంది. ప్రయోజనార్థంలో ప్రమాణభాష భావార్థక చతుర్థిని ఎంచుకుంటే, తెలంగాణ పలుకుబడి 'నీకి'ని నిలుపుకుంది. ఉత్తర తెలంగాణలో ఇంకా పాత పద్ధతి కూడా ఉంది: 'చూడవోయిండు', 'నీళ్లు తేవోయింది', 'మొక్కవోయిండ్రు'. ఇక్కడ శుద్ధ తుమున్నర్థకం మీద 'పోవు' ధాతువు నిలిచి, పకారం వకారమైంది. ప్రమాణభాషలో దీనికి సోదర రూపమైన 'చూడబోయాడు'కు 'చూడటానికి వెళ్లాడు' అన్న అర్థం పోయి, 'చూసే ప్రయత్నంలో ఉన్నాడు, ఇంకా చూడలేదు' అన్న అర్థం మిగిలింది. అర్థం మారినా రెండింటిలోనూ ఒక అంశం చెక్కుచెదరలేదు: చూడటం ఇంకా జరగలేదు. చేయగలడు, చేయవచ్చు, చేయకూడదు, చేయనివ్వు, చేయమను అనే సంయుక్త రూపాల్లోనూ తుమున్నర్థకం చెప్పే పని నెరవేరినదిగా కాక శక్యంగానో, అనుమతిగానో, నిషేధంగానో, ఆజ్ఞగానో ఉంటుంది. 'చేయసాగాడు' వంటి కొన్ని మాత్రమే ఈ వరుసకు ఎడంగా నిలుస్తాయి.

ఇక్కడ ఇంగ్లిషు చరిత్రను తాకడం అప్రస్తుతం కాదు. నేటి ఇన్ఫినిటివ్‌కు గుర్తైన 'టు' ప్రాచీన ఇంగ్లిషులో విభక్త్యర్థకమైన ఉపసర్గమే. దాని తర్వాత ధాతువు చతుర్థీ రూపంలో ఉండేది. కాలక్రమంలో ఆ విభక్తి ప్రత్యయం రాలిపోయి 'టు' మాత్రం నిలిచింది. జెరండ్ పుట్టుక నామప్రత్యయం నుంచి. గమ్యాన్ని సూచించే చతుర్థి ఒకవైపు, పనిని పేరుగా మార్చే నామప్రత్యయం మరొకవైపు ఉండటంలో ఆ భాషా ఈ భాషా తెలియకుండానే ఒకే బాట నడిచాయి.

4. జరిగినదీ, జరగవలసినదీ

ఇన్ఫినిటివ్ సంభావ్యాన్ని, జెరండ్ వస్తుసిద్ధిని సూచిస్తాయని డ్వైట్ బోలింజర్ 1968లో ప్రతిపాదించాడు. పాల్ కిపార్స్కీ, కరోల్ కిపార్స్కీలు 1970లో వెలువడిన 'ఫ్యాక్ట్' అనే వ్యాసంలో, ఉపవాక్యంలోని విషయాన్ని వాస్తవమని ముందే అంగీకరించే క్రియలను ప్రత్యేక వర్గంగా నిరూపించి, జెరండ్‌కు ఆ వర్గంతో ఉన్న చెలిమిని చూపారు. ఈ సిద్ధాంతాలకు తెలుగు నుంచి దొరికే మంచి పరీక్ష 'జ్ఞాపకం', 'మరపు'లకు సంబంధించిన క్రియలు.

'రిమెంబర్డ్ టు లాక్ ద డోర్' అంటే 'గుర్తుంచుకొని తాళం వేశాడు'. 'రిమెంబర్డ్ లాకింగ్ ద డోర్' అంటే 'తాళం వేసిన సంగతి గుర్తుకు వచ్చింది'. మొదటిదానిలో తెలుగు క్త్వార్థకాన్ని వాడింది, రెండోదానిలో భూతకాలిక ధాతుజ విశేషణాన్ని. వాస్తవంగా జరిగిపోయిన పనికి 'వేసిన' అన్న భూతకాల రూపమే సాక్ష్యం చెబుతున్నది. కనుక ఇక్కడ జెరండ్‌కు సరితూగేది 'వేయడం' కాదు, 'వేసినది' లేదా 'వేసిన సంగతి'.

'ట్రై' విషయంలో తెలుగు మరింత నిశితం. తలుపు తెరవాలని ప్రయాసపడితే 'తెరవడానికి ప్రయత్నించాడు', ఇంగ్లిషులో ఇన్ఫినిటివ్. గదిలో గాలి ఆడుతుందేమోనని తలుపు తెరిస్తే 'తెరిచి చూశాడు', ఇంగ్లిషులో జెరండ్. రెండో వాక్యంలో తలుపు నిస్సందేహంగా తెరుచుకుంది, తేలవలసింది దాని ఫలితం మాత్రమే. క్త్వార్థకం మీద 'చూడు' చేరిన ఈ నిర్మాణం మాండలికంలోనూ ప్రమాణభాషలోనూ ఒకటే. కూరలో ఉప్పు వేసి చూసిన ఏ విద్యార్థికైనా 'ట్రై యాడింగ్ సాల్ట్' కొత్త పాఠం కాదు. అయినా ఈ పోలిక తరగతి గదిలో అరుదుగా వినిపిస్తుంది. ఇక 'వెంట్ ఆన్ టాకింగ్' అంటే శత్రర్థకంతో 'మాట్లాడుకుంటూ పోయాడు'.

వీటిని కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. జెరండ్‌కు తెలుగులో ఒక్క సమానరూపం లేదు. వాక్యాన్ని బట్టి అది భావార్థకం, క్త్వార్థకం, శత్రర్థకం, ధాతుజ విశేషణం అనే నాలుగు ముఖాలతో కనిపిస్తుంది. అందువల్ల 'జెరండ్ అంటే డం, ఇన్ఫినిటివ్ అంటే డానికి' అన్న గది సూత్రం విద్యార్థికి మొదటి వారం ఉపకరించి రెండో వారం నుంచి తప్పుదారి పట్టిస్తుంది.

5. మాండలికం తోడు రాని చోట్లు

ఈ వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణలను దాచడం సరికాదు. 'తాళం ఏసుడు యాదిమర్శిండు' అన్న వాక్యంలో భావార్థకమే ఉంది, కాని తాళం పడలేదు. ఇంగ్లిషు ఇక్కడ 'ఫర్గాట్ టు లాక్' అని ఇన్ఫినిటివ్‌నే కోరుతుంది. తాళం పడి, ఆ సంగతి మరిచినప్పుడు వచ్చే వాక్యం 'తాళం ఏసింది యాదిమర్శిండు'. 'సైకిల్ తొక్కుడు నేర్సుకున్నడు' కూడా ఇంతే, ఇంగ్లిషులో 'లర్న్డ్ టు రైడ్'. 'ఉడు' విన్న ప్రతిచోటా 'ఇంగ్' పెట్టమని చెబితే ఈ రెండు వాక్యాల దగ్గరే విద్యార్థి బోల్తా పడతాడు.

ఇంగ్లిషు వైపు నుంచీ చిక్కులు ఉన్నాయి. 'సజెస్ట్', 'అవాయిడ్', 'కన్సిడర్' క్రియల తర్వాత పని ఇంకా జరగలేదు, అసలు జరగకపోవచ్చు కూడా. అయినా అక్కడ జెరండే రావాలి. 'మేనేజ్' తర్వాత పని నెరవేరి తీరినా ఇన్ఫినిటివే రావాలి. సంభావ్యత, సిద్ధి అనే భేదం వీటిని వివరించదు. ఈ కొద్ది క్రియలకు పట్టిక తప్పదు, కాని పట్టిక వీటి మేరకే ఉంటే చాలు. 'వాంట్'తో మరొక జాగ్రత్త. తెలుగులో 'వాడు పోవాలని కోరుకున్నడు' అని కర్తలు వేరైనా 'అని' నిలుస్తుంది. దాని నీడలోనే 'వాంట్' తర్వాత 'దట్' పెట్టే అలవాటు పుడుతున్నది. ఇంగ్లిషు అక్కడ రెండో కర్తను కర్మరూపంలో ఉంచి 'హిమ్ టు గో' అంటుంది.

6. రెండు 'టు'లు

భావార్థకం, తుమున్నర్థకం వేరుగా ఉండటం వల్ల కలిగే ప్రయోజనం అన్నిటికన్నా 'టు' దగ్గరే ఎక్కువ. ఇంగ్లిషు 'టు' కొన్నిచోట్ల ఇన్ఫినిటివ్ గుర్తు, మరికొన్నిచోట్ల మామూలు ఉపసర్గం. ఉపసర్గమైనప్పుడు దాని తర్వాత నామమో, నామంతో సమానమైన జెరండో రావాలి. ఉద్యోగ దరఖాస్తుల చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్' అని వ్రాసే పొరపాటు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే.

ప్రమాణ తెలుగు ఇక్కడ విద్యార్థికి సాయపడదు. 'చదవడానికి వెళ్లాడు', 'చదవడానికి అలవాటు పడ్డాడు' అని రెండుచోట్లా ఒకే రూపం వినిపిస్తుంది. మొదటిదానికి ఇంగ్లిషులో ఇన్ఫినిటివ్, రెండోదానికి ఉపసర్గం మీద జెరండ్. 'నామం పెట్టి చూడు' అన్న వాడుక పరీక్ష కూడా తెలుగులో పనిచేయదు. 'బడికి వెళ్లాడు', 'బడికి అలవాటు పడ్డాడు' అని రెండుచోట్లా నామం ఇముడుతుంది. ఉత్తర తెలంగాణ పలుకుబడిలో మాత్రం మొదటిది 'చదవనీకి పోయిండు', రెండోది 'చదువుడు అలవాటైంది'. పక్కపక్కనే తారసపడే 'యూజ్డ్ టు' జంట కూడా ఇలాగే విడిపోతుంది. 'యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ' అంటే 'పొద్దుగాల లేస్తుండె'. 'ఈజ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ' అంటే 'పొద్దుగాల లేసుడు అలవాటైంది'. ద్విభాషా పుస్తకపు తెలుగు పుటలో 'లేచేవాడు', 'లేవడానికి అలవాటు పడ్డాడు' అని ఉంటే, ఆ పుట పక్కన అధ్యాపకుడు నల్లబల్ల మీద ఈ మూడో వరుస వ్రాయడానికి కొత్త పుస్తకమూ, ప్రత్యేక శిక్షణా అక్కరలేదు. 'మీ ఇంట్ల ఎట్లంటరు?' అని అడిగితే ఆ వరుసను విద్యార్థులే చెబుతారు.