పాత ఇనుములోంచి మూడు చక్రాల బండి

మూడు చక్రాల బండి అనగానే మనకు ఆటోయే గుర్తొస్తుంది కదూ! అమెరికాలో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ముందు ఒక చక్రం, వెనక రెండు, బూరెల్లా ఉబ్బిన టైర్లు, గుర్రం ఎక్కినట్టు కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునే సీటు. పొలంలో, ఇసకలో, మంచులో తిరగడానికి చేసిన బండి ఇది. రోడ్డు మీద నడిపేది కాదు. ఇప్పుడు కొత్తవి అమ్మరు. పాతవి మాత్రం పల్లెటూళ్ళ కొట్టాల్లో తుప్పుపట్టి పడుంటాయి. వాటిని వెతికి తెచ్చి, దొరికిన ముక్కలన్నీ కలిపి బాగుచేసుకోవడం ఇక్కడ చాలామందికి సరదా.

మేముండేది ఒహాయోలో. మా పదిహేడేళ్ళ అబ్బాయికి ఆ సరదా పట్టుకుంది. ఏడాదిపాటు మా గ్యారేజీలో సాగిన పని అది. ఇంటరుతో చదువాపేసిన ఈవిడకి ఇంజన్ల గొడవేమిటీ అనుకోకండి. అందులో సగం పని మన వంటింటి పనే! మిగతా సగం తల్లిగా తెలుసుకోక తప్పని పని. రెండూ చెబుతాను.

ఎలా పుట్టింది?

చలికాలంలో మంచు పడితే అమెరికాలో మోటారుసైకిళ్ళు కొనేవాళ్ళు తగ్గిపోతారు. అప్పుడు కూడా అమ్ముకునే బండి ఏదైనా చెయ్యమని ఇక్కడి డీలర్లు హోండా కంపెనీని అడిగారట. ఒసాము తకెయుచి అనే ఇంజనీరు రకరకాలుగా ప్రయత్నించి చివరికి మూడు చక్రాలతో బండి తయారుచేశారు. 1970లో యూఎస్90 పేరుతో అమ్మకానికి వచ్చింది. తర్వాత ఏటీసీ90 అన్నారు. అప్పటి ధర 595 డాలర్లు. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో హీరో దీనిమీద తిరగడంతో ఇంకా పేరొచ్చింది.

ఇంజను 89 సీసీ. మన హీరో హోండా సీడీ100 కంటే చిన్నది. తాడు లాగితే స్టార్టవుతుంది. చేతి క్లచ్ లేదు, గేర్లు కాలితో మార్చాలి. అసలు గొప్పంతా టైర్లది. కారు టైరులో గాలి 30, 35 పౌండ్లుంటే దీంట్లో రెండు పౌండ్లే! అందుకే మెత్తగా పరుచుకుని ఇసకలో కూరుకుపోకుండా నడుస్తుంది.

ముక్కలు ఏరేటప్పుడు

మావాడి బండికి ఫ్రేము ఒక రైతు కొట్టంలోంచి వచ్చింది. ఇంజను పాత ఇనుము యార్డులోంచి, ముందు ఫోర్కు ఇంకెవరి దగ్గరి నుంచో. కార్బురేటరని చెప్పి ఒకాయన వేరే మోడలుది అంటగట్టాడు. మళ్ళీ వెతుకులాట! అప్పటినుంచి మా ఇంట్లో ఒక నియమం: ఏ ముక్క కొన్నా పాతదాని పక్కన పెట్టి కొలిచాకే డబ్బు ఇవ్వడం.

ఇంకో మాట. ఫ్రేము మీద, ఇంజను మీద నంబర్లుంటాయి. వాటిని చెరిపేసినట్టు కనిపిస్తే ఆ సరుకు ముట్టుకోవద్దు. అమ్మినవాళ్ళ చేత రసీదు రాయించుకోవాలి. చౌకగా వచ్చింది కదా అని దొంగసొత్తు ఇంటికి తెచ్చుకుంటామా?

విప్పేటప్పుడు ప్రతి మెట్టూ ఫొటో తీయించండి. బోల్టులన్నీ ఒక డబ్బాలో పోస్తే బిగించేటప్పుడు ఏడుపే. ఖాళీ గుడ్ల అట్టలు తీసుకుని, ఒక్కో గుంటలో ఒక్కో భాగం బోల్టులు వేసి, పేరు రాసి పెట్టమన్నాను. ఒక్కటి తప్పిపోలేదు.

వంటింటి సరుకులతో

పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పుకి తెల్ల వెనిగరు మంచి మందు. ముందు పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, ట్యాంకు కడగాలి. తర్వాత నిండా వెనిగరు పోసి ఒక రోజు ఉంచాలి. మధ్యమధ్య గుప్పెడు పాత నట్లు వేసి కుదిపితే తుప్పు రాలిపోతుంది. పారబోశాక నీళ్ళలో వంటసోడా కలిపి కడిగితే పులుపు విరుగుతుంది. వెంటనే ఆరబెట్టి, కాస్త నూనె పోసి లోపలంతా తిప్పాలి. తడిగా వదిలేస్తే గంటల్లో మళ్ళీ తుప్పు పడుతుంది.

హ్యాండిలు మీది మెరుపు పూత తుప్పుపడితే, అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్ళలో ముంచి రుద్దండి. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా తేలుతుంది. కార్బురేటరుకి మాత్రం వెనిగరు వద్దు, అల్యూమినియం పాడవుతుంది. దానికి వేరే ద్రావకం అమ్ముతారు. ‘అమ్మా, పాత టూత్ బ్రష్ ఒకటి ఇవ్వవా?’ అని మావాడు నా చుట్టూ తిరిగింది దానికోసమే.

ఈ పనికి వాడిన గిన్నె, చెంచా మళ్ళీ వంటకు వాడకూడదు. పాత బ్రేకు దుమ్ము నోటితో ఊదకూడదు, ఆ రోజుల్లో బ్రేకుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఇక్కడి గ్యారేజీల్లో నీళ్ళు కాగే గ్యాస్ బాయిలరు ఉంటుంది. పెట్రోలు ఆవిరి నేలబారున పాకి ఆ మంట దగ్గరికి చేరిందంటే ఇల్లే అంటుకుంటుంది. అందుకని పెట్రోలు పనంతా ఆరుబయటే చెయ్యాలని మొదటిరోజే చెప్పేశాను.

సీటు నా వంతు

సీటు చిరిగిపోయి స్పాంజి బయటికొచ్చింది. పాత తొడుగు కుట్లు విప్పి, కాగితం మీద పరిచి కొలత గీసుకున్నాను. జాకెట్టు కత్తిరించడం వచ్చినవాళ్ళకి ఇదేం కష్టం కాదు. రెక్సినుకి 16 లేక 18 నంబరు సూది వెయ్యాలి. కుట్టు పొడుగ్గా పెట్టుకోవాలి, దగ్గరదగ్గరగా పడితే ఆ చిల్లుల వెంటే చిరుగుతుంది. గుండుసూదులు గుచ్చితే గుర్తులు పోవు, బట్టల క్లిప్పులు పెట్టుకోండి. కుట్టిన తొడుగు కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి, ముడతలు లేకుండా సాగుతుంది.

ఇంత ముచ్చటైన బండిని ఎందుకు ఆపేశారు?

ఈ ప్రశ్న అందరికంటే ముందు తల్లే అడగాలి. మూడు కాళ్ళ పీట మీద ఒక మూలకి ఒరిగి కూర్చుంటే ఏమవుతుంది? బోర్లాపడుతుంది. ఈ బండీ అంతే. ఆటోకీ మూడు చక్రాలే కదా అంటారేమో. ఆటో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగే ఏర్పాటు ఉంటుంది. దీనికి లేదు. వెనక ఇరుసు అప్పడాల కర్రలాంటిది, రెండు కొసలూ కలిసే తిరుగుతాయి. అందుకని తిప్పితే బండి ముందుకే పోతానంటుంది. నడిపేవాళ్ళు ఒళ్ళు అటూ ఇటూ వంచి బరువు మార్చాలి. చూడ్డానికి బొమ్మబండిలా ఉంటుంది కాబట్టి పిల్లలకి ఆ సంగతి తెలియదు. పడిపోతామని కాలు కింద పెడితే వెనక చక్రం ఆ కాలి మీదికే ఎక్కుతుంది. మావాడి మోడలుకి ముందు చక్రానికి బ్రేకు కూడా లేదు.

1980ల్లో ఇంకా పెద్ద ఇంజన్లతో ఇవి విపరీతంగా అమ్ముడుపోయాయి. ప్రమాదాలూ అలాగే పెరిగాయి. చనిపోయినవాళ్ళలో పిల్లలు చాలామంది. 1987 చివర్లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్ళింది. 1988లో కంపెనీలు ఒప్పందం చేసుకుని మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. ఆ గడువు పదేళ్ళతో తీరింది. 2008లో వచ్చిన చట్టం కొత్తవాటి దిగుమతి, అమ్మకం మళ్ళీ నిషేధించింది. పాతవి ఉంచుకుని బాగుచేసుకోవడం తప్పు కాదు.

మా ఇంట్లో మాట

ఇవన్నీ చదివాక ఈ పని మానిపించేద్దామా అని వారం రోజులు మథనపడ్డాను. కానీ ఫోను పట్టుకుని పడుకునే వయసులో, చేతులకి మసి పూసుకుని, పాత ముక్కకి ప్రాణం పోద్దామనుకునే పిల్లాడిని ఆపబుద్ధి కాలేదు. ఓపిక, లెక్క, వస్తువు మీద గౌరవం, ఇవన్నీ ఆ పనిలో నేర్చుకున్నాడు. అందుకని బాగుచెయ్యడం ఒకటి, నడపడం ఇంకొకటి అని విడదీశాను. నడపడానికి షరతులు కాగితం మీద రాయించి గోడకి అంటించాను.

హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు లేకుండా ఎక్కకూడదు. ఒక్కరే ఎక్కాలి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. రోడ్డు మీదికి తీసుకెళ్ళకూడదు. చదునైన పొలంలోనే, పెద్దవాళ్ళు ఉన్నప్పుడే నడపాలి. గాలి చూసే సాధనం తక్కువ పౌండ్లు చూపించే రకం ఉండాలి, రెండు వెనక టైర్లలో గాలి సమానంగా ఉండాలి. తాళంచెవి లేని బండి కాబట్టి, వాడనప్పుడు గొలుసు వేసి దాని తాళం నా దగ్గర పెట్టాలి.

‘అన్నయ్య ఎక్కితే నేనెందుకు ఎక్కకూడదు?’ అని మా పన్నెండేళ్ళ అమ్మాయి అలిగింది. వాడిని కూర్చోబెట్టి, చెల్లెలికి నువ్వే చెప్పరా అన్నాను. అప్పడాల కర్ర, పీట ముందు పెట్టుకుని నాకంటే బాగా చెప్పాడు. పిల్ల అలక పూర్తిగా తీరలేదు గానీ అర్థమైంది. అలక కంటే కాలు ముఖ్యం.

మన దగ్గర కూడా రిసార్టుల్లో, బీచుల్లో నాలుగు చక్రాల పెద్ద టైర్ల బండ్లు పిల్లల చేతికి ఇచ్చేస్తున్నారు. అవి మూడు చక్రాలవాటి కంటే నయమే గానీ, తిరగబడవని కాదు. చూశాక ముచ్చటపడి పిల్లలు చెయ్యి పట్టుకు లాగుతారు. హెల్మెట్ ఉందా, బండి పిల్లల వయసుకి తగ్గదేనా, పక్కన నేర్పేవాళ్ళున్నారా అని అడగండి. లేవంటే మొహమాటపడకుండా వద్దనేయండి. మీ ఇంట్లో తుప్పుపట్టిన పాత మోపెడో, స్కూటరో ఉందా? అబ్బాయికైనా అమ్మాయికైనా ఒక గుడ్ల అట్ట, ఒక పాత బ్రష్షు ఇచ్చి కూర్చోబెట్టండి. సెలవులు సరిపోవు!