తాబేళ్ల పక్కన ఆ కొత్త ముఖాలెవరివి?

చిన్నప్పటి టీవీ షో మీద వచ్చిన పాత వీడియో గేమ్‌ ఒకటి తీసుకుని మళ్లీ ఆడి రాయమన్నారు సంపాదకులు. ఏ గేమ్ అన్నది నాకే వదిలేశారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తలపడే ఫైటింగ్ గేమ్‌లంటే నాకు మొదట్నుంచీ ప్రాణం. అందుకే కొనామి 1993లో తెచ్చిన 'టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్: టోర్నమెంట్ ఫైటర్స్' ఎంచుకున్నాను. సూపర్ నింటెండో కోసం చేసిన గేమ్ అది. ఆట గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, ఆట మొదలవకముందే కనిపించే ఒక తెర నన్ను పట్టుకుని వదల్లేదు.

ఎవరితో ఆడాలో ఎంచుకునే తెర అది. పది ముఖాలుంటాయి. నాలుగు నింజా తాబేళ్లు లియోనార్డో, రఫాయెల్, మైకెలాంజెలో, డొనటెల్లో. వాళ్ల ఆజన్మ శత్రువు ష్రెడర్. టీవీ చూసి పెరిగినవాళ్లకు ఈ అయిదుగురినీ పరిచయం చేయక్కర్లేదు. మిగతా అయిదుగురు వార్, వింగ్‌నట్, ఆర్మగాన్, క్రోమ్ డోమ్, అస్కా. సరిగ్గా సగం మంది. టీవీలో ఎపిసోడ్‌కోసారి తన్నులు తిని పారిపోయే బీబాప్, రాక్‌స్టెడీ ఇక్కడ లేరు. రోబో పొట్టలో కూర్చుని కేకలు పెట్టే మెదడు క్రాంగ్ కూడా లేడు. పిల్లలకు కంఠోపాఠమైన విలన్లను పక్కన పెట్టి, వాళ్లలో చాలామందికి పేరైనా తెలియనివాళ్లను తెచ్చి నిలబెట్టారు.

ఒక్కొక్కరి ఊరూ పేరూ వెతుక్కుంటూ వెళ్లాను. క్రోమ్ డోమ్ అనే రోబో టీవీ షోలోవాడే. ఆర్మగాన్ భవిష్యత్తు నుంచి వచ్చిన సొరచేప మనిషి. వీడిది ఆర్చీ కంపెనీ పిల్లల కోసం వేసిన కామిక్స్. పంజాలతో మీదికురికే వార్‌దీ ఆ పుస్తకాలే. గబ్బిలం రూపంలో ఉండే వింగ్‌నట్ కూడా ఆ పుట్టలోనివాడే. అస్కా ఒక్కతే ఎక్కడి నుంచీ రాలేదు, ఆమెను కొనామి వాళ్లు ఈ గేమ్ కోసమే సృష్టించారు. ఈ పదిమందినీ దాటితే చివర్లో ఇద్దరు కాచుకుని ఉంటారు, ర్యాట్ కింగ్, కరాయ్. ఇద్దరి పుట్టుకా అసలు మూలమైన మిరాజ్ కామిక్స్‌లో.

టీవీ పేరు చెప్పి అమ్మిన గేమ్‌లో కామిక్స్ చదివినవాళ్లు తప్ప గుర్తుపట్టలేని మనుషులు ఇంతమంది ఉన్నారు. ఈ జాబితా వేసినవాళ్లు కార్టూన్ చూసి సరిపెట్టుకోలేదు. పుస్తకాలు తెప్పించుకుని చదివారు. లైసెన్సు తీసుకుని చేసే గేమ్‌లో ఇంత శ్రద్ధ అరుదు, అది నాకెంతో నచ్చింది.

కరాయ్ దగ్గర నేను ఇంకాసేపు ఆగిపోయాను. మొదటి కామిక్‌లో, 1984లోనే, ష్రెడర్ చనిపోతాడు. టీవీ వాళ్లకు ప్రతి వారం ఒక విలన్ కావాలి కాబట్టి అతన్ని చావనివ్వలేదు. కామిక్స్‌లో మాత్రం నాయకుడు లేని అతని నింజా ముఠా ఫుట్ క్లాన్ ముక్కలై న్యూయార్క్ వీధుల్లో ఒకళ్లనొకళ్లు నరుక్కుంటారు. దాన్ని చక్కదిద్దడానికి జపాన్ నుంచి దిగిన పెద్ద తలకాయే కరాయ్. తాబేళ్ల దగ్గరికి వచ్చి సాయం అడుగుతుంది. 'సిటీ ఎట్ వార్' అనే ఆ కథ 1992, 93 సంవత్సరాల్లో సంచికల వారీగా వచ్చింది. గేమ్ బయటికొచ్చింది 1993లో. అంటే అచ్చులో సిరా తడి ఆరకముందే కొనామి వాళ్లు ఆమెను తమ గేమ్‌లోకి తెచ్చేసుకున్నారు.

ష్రెడర్ చనిపోతేనే కరాయ్‌కి కథలో పని. ఈ గేమ్‌లో మాత్రం ఇద్దరూ ఉన్నారు. టీవీ బతికించిన ష్రెడర్, అతను లేని లోటు తీర్చడానికి కామిక్స్‌లో పుట్టిన కరాయ్ ఒకే గేమ్‌లో కత్తులు దూస్తారు. రెండు కథలు ఇలా ఒక్కచోట కలవడం ఆ కాలానికి కొత్త. కరాయ్ టీవీ తెరకెక్కడానికి 2003లో మొదలైన కొత్త సిరీస్ రావలసి వచ్చింది. అక్కడ ఆమెను ష్రెడర్ పెంపుడు కూతుర్ని చేశారు. 2012 సిరీస్‌లో ఆమె అసలు తండ్రి తాబేళ్ల గురువు స్ప్లింటరేనని తేలుతుంది. ఈ తరం పిల్లలకు ఆమె లేని తాబేళ్ల కథే ఊహకందదు. కాగితం మీది కరాయ్‌కి కదలిక ఇచ్చింది మాత్రం 1993 నాటి గేమ్.

చరిత్ర తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయర్డ్ అనే ఇద్దరు అమెరికన్ చిత్రకారులు 1984 మేలో నలుపు తెలుపుల్లో మొదటి కామిక్ వేశారు. సుమారు 3,000 ప్రతులు. దాని రంగుల అట్ట మీద నలుగురి మాస్కులూ ఎరుపే. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పంచింది 1987 డిసెంబరులో మొదలైన టీవీ షో. బొమ్మల అమ్మకాలు, సినిమాలు వెంటే వచ్చాయి. షో 1996 దాకా సాగింది. 1989 నుంచి కొనామి వరసగా గేమ్‌లు చేసింది. అవి చాలావరకు నలుగురూ కలిసి ముందుకు నడుస్తూ శత్రువులను చితకబాదే రకం. 1991లో క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 2' వచ్చి ఆర్కేడ్లను ఊపేశాక అన్ని కంపెనీలూ ఫైటింగ్ బాట పట్టాయి. తాబేళ్లూ పట్టాయి.

మరి ఆటగా ఇది నిలుస్తుందా? టీవీ పేరు తగిలించుకున్న గేమ్‌ల మీద నాకెప్పుడూ అనుమానమే. చిన్నప్పటి ఇష్టాన్ని ఆసరా చేసుకుని సరుకు లేనిదాన్ని అంటగట్టినవి ఎన్నో. ఇది ఆ కోవలోది కాదు. పిడిగుద్దుకు రెండు బటన్లు, తన్నుకు రెండు, ప్రతిదానిలో ఒకటి తేలిక, ఒకటి బలం. బొమ్మలు పెద్దవి, కదలికలు చురుకైనవి. దెబ్బ తగిలితే తగిలినట్టే అనిపిస్తుంది. దాడి చేస్తున్నకొద్దీ ఒక గీత నిండుతుంది, అది నిండాక రెండు బలమైన బటన్లూ కలిపి నొక్కితే పెద్ద దెబ్బ పడుతుంది. వెనక్కి తగ్గి దాక్కునేవాడి గీత మెల్లగా నిండుతుంది, మీద పడేవాడికి త్వరగా. అందుకే పోరు ఎక్కడా చల్లబడదు. స్ట్రీట్ ఫైటర్ వరసలో ఇలాంటి గీత 1994లో గానీ రాలేదు. మాస్కులు తీసేసి, పేర్లు మార్చేసి ఇచ్చినా ఈ గేమ్‌ను నేను ఆడతాను. కథా విభాగం మాత్రం పేలవం. కిడ్నాపైన స్ప్లింటర్‌ను, విలేకరి ఏప్రిల్‌ను విడిపించడానికి తాబేళ్లు బయల్దేరతాయి, అంతే. అంత శ్రమపడి తెచ్చుకున్న కరాయ్‌కి అపహరణ తప్ప వేరే పని ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు దీన్ని ఆడాలంటే పాత మెషీన్ కోసం తిరగక్కర్లేదు. 2022 ఆగస్టులో వచ్చిన 'ది కవబంగా కలెక్షన్'లో ఉన్న 13 పాత గేమ్‌లలో ఇదీ ఒకటి. దూరంగా ఉన్న మిత్రుడితో ఇంటర్నెట్‌లో పోటీ పడొచ్చు. ఆ సంకలనంలో గేమ్‌ల పక్కనే ఒక భాండాగారం పెట్టారు. అట్టపెట్టెలు, మాన్యువల్‌లు, కామిక్స్ ముఖచిత్రాలు, కొనామి తయారీనాటి కాగితాలు అన్నీ తిరగేసుకోవచ్చు. ఆట కంటే ఎక్కువసేపు నేను అక్కడే ఉండిపోయాను. జపాన్ నుంచి అమెరికాకు వచ్చేసరికి అస్కా దుస్తులు పెరిగాయని రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. పాత గేమ్‌లను కొత్తగా అమ్మే ప్రతి కంపెనీ ఇలా కాగితాలతో సహా ఇవ్వాలని నా కోరిక. లేకపోతే ఆ తెర మీదికి ఎవరెవరిని ఎక్కడి నుంచి తెచ్చారో అడిగినా చెప్పేవాళ్లుండరు.

ఒకే పేరు, మూడు గేమ్‌లు

టోర్నమెంట్ ఫైటర్స్ పేరుతో కొనామి మూడు మెషీన్లకు మూడు వేర్వేరు గేమ్‌లు చేసింది. సెగా జెనిసిస్ దాంట్లో ఏప్రిల్ స్వయంగా బరిలోకి దిగుతుంది. తాబేళ్ల మిత్రుడు కేసీ జోన్స్, చేప మనిషి రే ఫిల్లెట్, పురుగు ఆకారపు సిసిఫస్ ఉంటారు. చివర్లో ట్రైసెరాటన్, క్రాంగ్, మళ్లీ కరాయ్. చాలా కఠినం, నా సహనం అక్కడే అయిపోయింది. నింటెండో 8 బిట్ మెషీన్ ఎన్‌ఈఎస్ దాంట్లో ఏడుగురే. కేసీతో పాటు డ్రాగన్ రూపపు హాట్‌హెడ్ ఉంటాడు. పోరు మధ్యలో పైనుంచి ఒక బంతి పడుతుంది, అందుకున్నవాళ్లు దాన్ని నిప్పుబంతిలా విసరొచ్చు. అమెరికాలో 1994లో విడుదలైన ఇది, అక్కడ ఎన్‌ఈఎస్‌కు కొనామి ఇచ్చిన ఆఖరి గేమ్.

మన ఇళ్లలో

90ల్లో మన టీవీల పక్కన చేరిన పెట్టెల్లో 'సమురాయ్' లైసెన్సుతో వచ్చిన ఎన్‌ఈఎస్, 'లిటిల్ మాస్టర్' దాని నకలు. కార్ట్రిడ్జ్‌ను అందరం క్యాసెట్ అనేవాళ్లం. ఊదితే పనిచేస్తుందని గట్టి నమ్మకం. మారియో తర్వాత ఎక్కువ చేతులు అరిగింది 'కాంట్రా' మీద, అదీ కొనామిదే. సూపర్ నింటెండో మాత్రం మనలో ఎక్కువమంది ఇళ్లదాకా రాలేదు. కాబట్టి ఆ తరంవాళ్లు కలెక్షన్ తెరిస్తే ముందు 8 బిట్ దాంతోనే మొదలుపెట్టండి, ఆ బటన్లు మీ వేళ్లకు అలవాటైనవే. తర్వాత సూపర్ నింటెండో దానికి వెళ్లి కథా విభాగాన్ని వదిలేసి టోర్నమెంట్ పెట్టండి. కరాయ్ దాకా వెళ్లాక సంకలనంలోని రివైండ్ సాయం తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.