ముందు ‘ఇన్’ ఉంటే వ్యతిరేకమేనా?

ఇబ్రహీంపట్నం దగ్గర రోడ్డు మీద, కొండపల్లి చమురు డిపోల నుండి బయలుదేరిన పెట్రోలు ట్యాంకర్లను మీలో చాలామంది చూసే ఉంటారు. వాటి వెనుక పెద్ద అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉండడం మామూలే. ఫ్లేమ్ అంటే మంట. ‘యాక్టివ్’కు వ్యతిరేక పదం ‘ఇన్‌యాక్టివ్’, ‘విజిబుల్’కు ‘ఇన్‌విజిబుల్’ అని మనం వల్లెవేస్తాం కదా! ఆ లెక్కన ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మంట అంటుకోనిది అనుకోవాలి. తరగతిలో అడిగి చూడండి, చాలామంది అలాగే చెబుతారు.

అసలు అర్థం దీనికి తలకిందులు. అగ్గిపుల్ల చూపితే చాలు, భగ్గుమనేది అని. ‘ఫ్లేమబుల్’ అన్నా ఇదే అర్థం. ఇక్కడ పొరబడితే పోయేది అర మార్కు కాదు, ప్రాణం. అందుకే అమెరికాలోని జాతీయ అగ్ని నివారణ సంఘం 1920లలోనే ‘ఫ్లేమబుల్’ అనే మాట వాడమని చెప్పింది. అంటుకోనిదానికి ‘నాన్‌ఫ్లేమబుల్’ అనాలి. (అన్నట్టు, ఆక్సిజన్ నాన్‌ఫ్లేమబుల్ వాయువే. తాను మండదు. కాని పక్కనున్నదాన్ని జోరుగా మండిస్తుంది. కాబట్టి ఆ మాట చూసి ధీమాగా ఉండకూడదు.)

ఎందుకిలా జరిగింది? ఇంగ్లీషు మాటల ముందు వచ్చే ‘ఇన్’ ఒకటి కాదు. ఒక ‘ఇన్’ ‘కాదు’ అంటుంది. మరో ‘ఇన్’ ‘లోపలికి’ అంటుంది. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది ఈ రెండోదే, లాటిన్ నుండి వచ్చింది. ‘మంటలోకి దిగేది’ అని చెప్పుకోవచ్చు. వర్షాకాలంలో ప్రకాశం బ్యారేజి వార్తల్లో ‘ఇన్‌ఫ్లో’ అనే మాట వింటాం. 2024 సెప్టెంబరు వరదలో అక్కడ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇన్‌ఫ్లో అంటే ప్రవాహం లేకపోవడమని ఆ రోజు ఎవరూ అనుకోలేదు! దానికి వ్యతిరేక పదం ‘ఫ్లో’ కాదు, ‘ఔట్‌ఫ్లో’.

ఇంగ్లీషును ఆడిపోసుకోనక్కరలేదు. మన మాటల్లోనూ ఈ చిక్కు ఉంది. సఫలం–విఫలం, సుముఖం–విముఖం అన్న జంటల్లో ‘వి’ వ్యతిరేకార్థాన్ని ఇస్తోంది. మరి జయం–విజయం? అక్కడా అదే సూత్రమైతే మన విజయవాడ ఓటమివాడ అయిపోవాలి! ‘విజయం’లో ‘వి’కి ‘విశేషమైన’ అని అర్థం. జయానికి వ్యతిరేకం అపజయం. అలాగే ‘అమూల్యం’ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ఇంగ్లీషులో ‘ఇన్‌వాల్యుబుల్’ అచ్చంగా దీని తోబుట్టువు. ‘వాల్యుబుల్’కు వ్యతిరేకం కావాలంటే ‘వర్త్‌లెస్’ అని రాయాలి.

ఇంకో సందేహం. ‘పాసిబుల్’ ముందు ‘ఇన్’ కాక ‘ఇమ్’ ఎందుకు వచ్చింది? పెదవుల మీద వేలు పెట్టుకుని ‘పంతులు’, ‘పంపు’ అని పలకండి. రెండింట్లోనూ రాసేది సున్నయే. కాని ‘పంపు’లో సున్న దగ్గరే పెదవులు మూసుకుంటాయి, తరువాతి ‘ప’ కోసం ముందే సిద్ధమవుతాయి. ‘ఇంపాసిబుల్’లో జరిగేదీ ఇదే. నోరు శ్రమ తగ్గించుకుంటుందన్నమాట. ‘ఇర్రెగ్యులర్’, ‘ఇల్లీగల్’ కూడా ఇలా పుట్టినవే.

ఇక ప్రయోగశాలకు వద్దాం. ‘స్ట్రాంగ్’కు వ్యతిరేకం ఏమిటి? ‘వీక్’ అంటారు. మన హోటల్లో టీ దగ్గర మాత్రం ‘స్ట్రాంగ్’కు ఎదురు మాట ‘లైట్’! ఆమ్లాల దగ్గర బలమైనది, బలహీనమైనది అంటే వేరు, గాఢమైనది, సజలమైనది అంటే వేరు. నీటిలో కలిపినప్పుడు అణువులు దాదాపు అన్నీ అయానులుగా విడిపోతే అది స్ట్రాంగ్ ఆమ్లం. కొద్దిగా మాత్రమే విడిపోతే వీక్ ఆమ్లం. నీటిలో ఆమ్లం ఎంత ఉందన్నది గాఢత సంగతి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎంత పలచనైనా స్ట్రాంగ్ ఆమ్లమే. అసిటిక్ ఆమ్లం వీక్ ఆమ్లమే. అయినా నీరు దాదాపు లేని అసిటిక్ ఆమ్లం సీసా ఒలికితే చర్మం కాలుతుంది. ‘వీక్’ అనే మాటను నమ్మి చెయ్యి పెట్టకండి.

కాబట్టి వ్యతిరేక పదాలను జంటలుగా బట్టీ పట్టడం నాకు నచ్చదు. నోటుపుస్తకంలో మాటకు పక్కన మాట కాదు, వాక్యం పక్కన వాక్యం రాయండి. ‘లైట్ బ్యాగ్’ అని రాస్తే ఎదురుగా ‘హెవీ బ్యాగ్’ వస్తుంది. ‘లైట్ కలర్’ అని రాస్తే ‘డార్క్ కలర్’ వస్తుంది. రెండవ పరీక్ష ఏమిటంటే, మాట ముందు ‘నాట్’ పెట్టి చూడటం. ‘నాట్ అలైవ్’ అంటే ‘డెడ్’ అన్నట్టే. కాని ‘నాట్ హాట్’ అంటే ‘కోల్డ్’ అని కాదు, నీళ్లు గోరువెచ్చగా ఉండవచ్చు. ఏ జంటకు మధ్యలో చోటు ఉందో, దేనికి లేదో ఇలా తెలిసిపోతుంది.

ఈ నాలుగు మాటలకు రెండేసి వ్యతిరేక పదాలు వాక్యాల్లో పెట్టి రాయండి: షార్ట్, ఓల్డ్, రైట్, రఫ్. చివరిదానికి ఒక జవాబు మీ పుస్తకాల సంచిలోనే ఉంది.