నత్తకేం గుర్తుంటుంది?

కాలిఫోర్నియా తీరంలో నాచు మేస్తూ బతికే అప్లీసియాను చూసి నత్త అని చటుక్కున ఎవరూ అనుకోరు. పైకి గుల్ల కనపడదు. పలచని పెంకు ఒకటి చర్మం మడతల కింద దాగి ఉంటుంది. తలమీది కొమ్ములు కుందేలు చెవుల్లా నిక్కి ఉంటాయి కనుక సముద్రపు కుందేలు అంటారు. గిల్లితే ఊదారంగు సిరా చిమ్ముతుంది. దీనికి మనకున్నట్టు ఒక్కచోట కుదురుకున్న మెదడు లేదు. అన్నవాహిక చుట్టూ కొన్ని, నోటి దగ్గర కొన్ని, వెనక పొట్టవైపు ఒకటి, ఇలా నాడీకణాలు ముడులు కట్టి ఉంటాయి. అన్నీ కలిపితే 20 వేలకు అటూఇటూ. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు! జ్ఞాపకం గుట్టు తెలుసుకోవడానికి ఇంత బీద జీవి దగ్గరికి వెళ్లడమేమిటని అడగొచ్చు. ఆ బీదతనమే అక్కరకొచ్చిందంటాను. కొన్ని కణాలు దాదాపు మిల్లీమీటరు వెడల్పుతో మామూలు కంటికే ఆనతాయి. పైగా ఏ అప్లీసియాను తీసుకున్నా ఫలానా కణం ఫలానా చోటే దొరుకుతుంది. అందుకే ఒక్కో కణానికి ఆర్2 వంటి పేర్లు పెట్టి, ఏది దేనితో మాట్లాడుతోందో రాసుకోగలిగారు.

నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ బృందం పట్టుకున్నది చాలా చిన్న చర్య. నీటిని బయటికి వదిలే గొట్టాన్ని తాకితే నత్త మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మెల్లగా తాకుతూనే ఉంటే కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. తోకకు కరెంటు షాక్ తగిలిందా, ఆ తర్వాత చిన్న స్పర్శకే గట్టిగా ముడుచుకుంటుంది. ఒక్క షాక్ ప్రభావం నిమిషాల్లో పోతుంది. మళ్లీమళ్లీ ఇస్తే రోజుల తరబడి ఉంటుంది. ఇది ఉలికిపాటే తప్ప జ్ఞాపకమేమిటన్నది మొదటి అభ్యంతరం. జవాబు గాజుపళ్లెంలో దొరికింది. స్పర్శను పసిగట్టే కణాన్ని, కండరాన్ని కదిలించే కణాన్ని పక్కపక్కన పెంచి, షాక్‌కు బదులు సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒకసారి చల్లితే వాటి మధ్య లంకె కొద్దిసేపే బలపడింది. విరామాలతో ఐదుసార్లు చల్లితే రోజు దాటినా తగ్గలేదు. కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా అడ్డుకుంటే తాత్కాలిక మార్పు వచ్చింది కానీ, నిలకడైనది రాలేదు. నిలిచిన చోట కణాల మధ్య కొత్త లంకెలు మొలిచాయి. గుర్తుంచుకోవడమంటే కణం తన ఆకారాన్నే మార్చుకోవడమన్నమాట. 2000లో కాండెల్‌కు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది ఈ పనికే.

రెండో అభ్యంతరానికి బరువుంది: నత్తకు ముఖాలు, ఊళ్లు గుర్తుండవు కదా? ఒప్పుకోవాల్సిందే, అలాంటి జ్ఞాపకానికి మన మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి. అయితే నత్త కణంలో నిలకడ జ్ఞాపకానికి మీట నొక్కే క్రెబ్ అనే ప్రొటీన్ ఎలుకల్లోనూ ఆ పనే చేస్తోంది. అంతేకాదు, హిప్పోక్యాంపస్ అక్కర్లేని జ్ఞాపకం మనలోనూ ఉంది: 1953లో మూర్ఛకు శస్త్రచికిత్స జరిగి హిప్పోక్యాంపస్‌లో చాలాభాగం పోయిన హెన్రీ మొలైసన్, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్‌తో గీయడం రోజురోజుకీ మెరుగ్గా నేర్చుకున్నాడు. అంతకుముందు ఎప్పుడైనా గీశావా అంటే మాత్రం, లేదనేవాడు.