కాంతిని కూడబెట్టు ఛాయాచిత్రము

మానవనేత్రము కాంతిని కూడబెట్టజాలదు. ఛాయాచిత్రపు పలక అట్లు కాదు. ఎంతసేపు తెరచి యుంచిన అంత కాంతిని చేర్చుకొని, కంటికందని రూపములను చూపును.

వేల్స్ దేశీయుడైన ఐజాక్ రాబర్ట్స్ వృత్తిచే గృహనిర్మాత. ఖగోళశాస్త్రము ఆయనకు అభిరుచి. 1888 డిసెంబరు 29వ తేదీ రాత్రి ఆయన 20 అంగుళముల దూరదర్శినితో ఆండ్రోమెడా నీహారికను సుమారు 4 గంటలపాటు చిత్రించెను. భూభ్రమణమువలన ఆకాశము గంటకు 15 డిగ్రీలు జరుగుచున్నట్లు కనబడును. దూరదర్శిని దానిని వెంబడింపనిచో నక్షత్రములు గీతలగును.

కంటికి మసకమచ్చగా తోచు నీహారిక ఆ చిత్రములో సుడివలె చుట్టుకొని కనబడెను. పుట్టుచున్న సౌరకుటుంబమని రాబర్ట్స్ తలచెను. అది పాలపుంతవంటి మరొక నక్షత్రసముదాయమని 1920 దశకములో హబుల్ నిరూపించెను. దాని దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు. ఊహ తప్పినను చిత్రము తప్పలేదు.

నేటి ఔత్సాహికులు డిజిటల్ కెమెరాతో అనేక చిత్రములు తీసి కంప్యూటరులో కలుపుచున్నారు. సాధనము మారినను సూత్రము అదియే.