ఛందస్సు నుంచి కంప్యూటర్ శాస్త్రానికి: తెలుగు విద్యార్థికి ఒక ప్రవేశమార్గం

వ్యాససంగ్రహం

కంప్యూటర్ శాస్త్రం ఆంగ్లం బాగా వచ్చినవారి సొత్తు అనే భావన గ్రామీణ విద్యార్థిని ఆ శాస్త్రానికి దూరం చేస్తుంది. అతడు పాఠశాలలో నేర్చిన గురులఘు విభజనలోనే ద్విసంఖ్యామానం, అల్గారిథం అనే రెండు మూలభావనలు ఉన్నాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఛందస్సు, ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, ద్విసంఖ్యామానం, అల్గారిథం.

1. ఉపోద్ఘాతం

జాతీయ విద్యావిధానం 2020 మాధ్యమిక దశలోనే కోడింగ్‌ను ప్రవేశపెట్టాలని సూచించింది. అయితే నిజామాబాద్ జిల్లా మెండోర వంటి గ్రామీణ మండలాల నుంచి కళాశాలకు వచ్చే విద్యార్థికి ‘కోడ్’ అనే మాట పరాయిదిగా తోచవచ్చు. ‘యమాతారాజభానసలగం’ మాత్రం అతనికి కంఠస్థం. బోధన అక్కడినుంచే మొదలుకావచ్చు.

2. ప్రస్తారం – ద్విసంఖ్యామానం

గురువును 0గా, లఘువును 1గా భావించి, గణంలోని మూడు అక్షరాల స్థానాలకు ఎడమనుంచి 1, 2, 4 విలువలు ఇవ్వాలి. అప్పుడు ప్రస్తారక్రమంలోని మ, య, ర, స, త, జ, భ, న గణాలు వరుసగా 0 నుంచి 7 వరకు గల సంఖ్యలవుతాయి.

3. నష్టోద్దిష్టాలు – అల్గారిథం

వరుససంఖ్యనుబట్టి గణరూపాన్ని కనుగొనడం నష్టం. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 6 సరి కాబట్టి లఘువు, మిగిలింది 3. అది బేసి కాబట్టి గురువు, మిగిలింది 2. అది సరి కాబట్టి లఘువు. వచ్చినది జగణం. రూపాన్నిబట్టి సంఖ్యను కనుగొనడం ఉద్దిష్టం: లఘువుల స్థానవిలువలు కూడి ఒకటి కలపాలి. జగణానికి 1+4+1=6. ఇదే పద్ధతిలో 20 అక్షరాల కృతిఛందంలోని 10,48,576 వృత్తాలలో ఉత్పలమాల 3,55,799వది అని విద్యార్థే తేల్చగలడు.

4. నియమం తడబడే చోటు

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అనే సూత్రాన్ని యంత్రానికి చెబితే ‘రాజప్రాసాదం’లో ‘జ’ను సరిగానే గురువుగా గుర్తిస్తుంది. ‘వాడు ప్రాకె’లో ‘డు’ లఘువు. కానీ పద్యంలో మాటలు కలిపి ‘వాడుప్రాకె’ అని ముద్రిస్తే యంత్రం దానినీ గురువనే అంటుంది. పదవిభాగం, సమాసజ్ఞానం తెలియనిదే ఈ దోషం తొలగదు. తెలుగు వచ్చిన విద్యార్థి ఇక్కడ వెనుకబడినవాడు కాడు, అవసరమైనవాడు. దిలీప్ మిరియాల రూపొందించిన ‘ఛందం’ వంటి ఉపకరణం ఫలితాలను అతడు తన విభజనతో పోల్చి పరీక్షించవచ్చు. నిజామాబాద్ జైలులో బందీగా ఉన్న దాశరథి పద్యాలను ఇందుకు లక్ష్యంగా తీసుకోవచ్చు.

5. ముగింపు

పింగళుడు కంప్యూటర్‌ను కనిపెట్టాడని చెప్పడం ఈ బోధన ఉద్దేశం కాదు. ఆయన లెక్కించినవి వృత్తాలు. 1703లో లైబ్నిజ్ ప్రకటించిన ద్విసంఖ్యాగణితం వేరొక ప్రయోజనంతో పుట్టింది. రెండింటికీ ఉన్న నిర్మాణసామ్యమే బోధనకు ఆధారం. న్యూజిలాండ్‌లో రూపొందిన ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ యంత్రం లేకుండానే ఈ శాస్త్రాన్ని బోధించవచ్చని చూపింది. కాగితం, కలం చాలిన ఈ పాఠాన్ని తెలుగు, కంప్యూటర్ శాఖల అధ్యాపకులు కలిసి చెప్పగలిగితే, ఆ శాస్త్రం తనదికాదనే విద్యార్థి సంకోచం తొలగడానికి అవకాశం ఉంటుంది.